ఏడో తారీఖు అర్జీ

కొల్లేట్లో చేపలు పట్టే లైసెన్సుకు జూన్ ముప్పై గడువు. యేసమ్మ ఏడో తారీఖునే ఏలూరు ఆఫీసులో అర్జీ ఇచ్చింది. అయినా ఆలస్యమని కొట్టేశారు. ఇరవయ్యో తారీఖున ఇచ్చిన తోడికోడలు గ్రేసుకు మాత్రం లైసెన్సు వచ్చింది.

"07/06/2005ని జూలై ఆరనుకుందండీ కంప్యూటరు," అని నవ్వాడు ఆ ఆఫీసు ప్రోగ్రామరు అనుదీప్. "తేదీలు చదవడానికి వాడిన రెడీమేడ్ ప్రోగ్రాము అమెరికా వాళ్ళదండీ. మొదటి అంకె నెలనుకుంటుంది. ఇరవయ్యో నెల లేదు గదా, అందుకని గ్రేసుగారిది సరిగ్గా చదివింది."

యేసమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఇవాళ జూన్ ఇరవయ్యెనిమిది. ఇంకా రాని జూలైలో నేనెలా వచ్చానండీ? మీ కంప్యూటరుకి లేకపోతే లేదు, మీకైనా బుర్రుండొద్దా?"

అనుదీప్ నవ్వు ఆగింది. యేసమ్మ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"లైసెన్సుల జాబితాలో నా పేరెక్కించండి. అందాకా లేవను."