పదకొండు సాక్షి సంతకాలు

ప్యానెల్ పగిలింది పొద్దున పదిన్నరకి. పగలగొట్టింది దాసన్న. చూసింది పన్నెండు మంది ఆడవాళ్ళు, అందులో ఒకామె అతని పెండ్లాం మారక్క. ఇందులో విప్పాల్సిన ముడి ఏమీ లేదు. పట్టపగలు జరిగింది.

ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని, కన్నడ వైపున్న క్యాతగానచెర్లు పక్కన సోలార్ పార్కులో ఒక కంపెనీ బ్లాకు అది. ప్యానెళ్ళ వరసల మధ్య దారుల్లో గడ్డి కోసేది మగవాళ్ళు, భుజానికి తగిలించుకునే మిషన్లతో. ప్యానెళ్ళ కింద, అద్దం మోకాలెత్తుకు వంగి ఉండేచోట, గొంతుక్కూర్చుని కొడవళ్ళతో కోసేది ఆడవాళ్ళు. మిషను తిరిగితే కంకర ఎగిరి అద్దానికి తగులుతుంది, అందుకని ఆ రూలు. మిషనుకు కంపెనీ చొక్కా, బూట్లు, టోపీ, పీఎఫ్. కొడవలికి దినకూలి. మిషను పట్టినవాడిది ఉద్యోగం, కొడవలి పట్టినదానిది పని. చెయ్యి జాగ్రత్తగా ఆడాల్సింది ఎక్కడ, జీతం ఎక్కువ ఎక్కడ, ఎవరికి వాళ్ళు చూసుకోవచ్చు.

మారక్కకు ఆ నేల కొత్త కాదు. ప్యానెళ్ళు రాకముందు అక్కడే పదిహేనేళ్ళు వేరుశనగలో కలుపు తీసింది. ఏ సాలులో కంకర పైకి తేలుతుందో, ఏ మూల గరిక చచ్చినా చావదో ఆమె అరికాళ్ళకు తెలుసు. అందుకే ఆ రోజు దాసన్న పని తొందరగా ముగించేసి తిరుమణి ఊళ్ళోకి పోవాలని మిషన్ను ప్యానెళ్ళ కిందికే తెచ్చినప్పుడు ముందుగా అరిచింది ఆమే.

"ఏమప్పా, ఈడికి తేవాకు. ఈడంతా కంకర ఉండాది."

"నాకే నేర్పిస్తావేమ్మే? నీ కొడవలి నువ్వు చూసుకో."

ఇంకో రెండు బారలు కోశాడో లేదో, టప్పుమంది. నడిమి ప్యానెల్లో ఒకచోట తెల్లగా పొడి రాలి, అక్కడినుంచి అద్దమంతా పగుళ్ళు పాకిపోయాయి. మిషను ఆగింది. అందరి చేతులూ ఆగాయి.

సూపర్‌వైజర్ గిరీశ్ బైకు మీద వచ్చాడు. పక్క ఊరి పిల్లోడే, పాతికేళ్ళుంటాయి. చూడగానే రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఎవరు చేసింది ఇది?"

అప్పుడు దాసన్న, ఇంట్లో నీళ్ళు తెమ్మని చెప్పినంత మామూలుగా, చెయ్యి చూపించాడు.

"మా ఇంటిదే. కొడవలి పిడి తగిలిచ్చింది. చెప్తానే ఉండా, మెల్లగా కోయమ్మే అని."

మారక్క వెనక్కి తిరిగి చూసింది. తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

కొడవలి పిడి తగిలితే అద్దం అట్లా పగలదని గిరీశ్‌కు తెలుసు. పగిలిన చోటుకి సరిగ్గా కింద గోలీకాయంత రాయి కూడా పడి ఉంది. బూటు కాలితో దాన్ని పక్కకు తన్నాడు. మిషన్లు ప్యానెళ్ళ కిందికి పోకుండా చూడాల్సింది తనే కాబట్టి, ఆ రాయి అతనికీ తగిలేదే. కాసేపు ఆలోచించి మారక్కను పక్కకు పిలిచాడు.

"చూడక్కా, మిషనోళ్ళు పగలగొడితే బ్లాక్‌లిస్టులో ఏస్తారు. ఇంగ పార్కులో ఏ కంపెనీలోనూ తీసుకోరు దాసన్నను. నీదైతే ఏముంది, దినకూలి. నెలదినాలు నిన్ను పనిలోంచి నిలబెట్టినట్టు చేస్తా, మళ్ళా నేనే పిలుస్తా. తప్పు నాదేనని ఒక తప్పొప్పిగె పత్రం రాసిస్తే ముగిసిపోతాది."

"నేను చేయలేదు కదప్పా."

"చేసినావని ఎవురన్నారక్కా? రాసియ్యమంటాండా, అంతే."

మధ్యాహ్నం ప్యానెళ్ళ నీడలో డబ్బాలు విప్పారు. ఎవరికీ ముద్ద దిగలేదు గానీ మాటలు మాత్రం దిగాయి. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఒక్కొక్కరికీ మొగుడో తమ్ముడో అదే పార్కులో ఏదో ఒక చొక్కాలో ఉన్నాడు.

"మొగోని ఉద్యోగం పోతే ఇంట్లో దీపం ఆరిపోయినట్లేనమ్మే."

"నీ కూలి యాడికొస్తాది, ఉప్పు చింతపండుకి. ఆయప్పది కదా సంసారం నడిపేది."

నడిపేది ఎవరిదో మారక్కకు బాగా తెలుసు. బియ్యం ఆమె కూలి, పిల్లల బస్సు ఆమె కూలి, అత్త గుండమ్మ మాత్రలు ఆమె కూలి. దాసన్న జీతం వచ్చిన వారానికి ఎక్కడుంటుందో దాసన్నకే తెలియదు. అయినా ఆమె ఆ మాట అనలేదు. ఇరవై రెండేళ్ళ సంసారంలో అతని తప్పు మోయడం ఆమెకు ఇంటిపనుల్లో ఒకటైపోయింది. ఎద్దు కాలు విరిగితే, కట్టేసింది నువ్వు. కొడుకు పదో తరగతి తప్పితే, పెంచింది నువ్వు. బోరు ఎండితే, నీ అడుగు పెట్టిన వేళ. అంట్లు తోమినట్టు, పేడ ఎత్తినట్టు, అది కూడా ఎత్తిపోసేది. ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు, ఇది నా పనెట్లా అయ్యిందని.

ఒక్క సవిత మాత్రం డబ్బా మూత మూసేసింది.

"నేను చూసింది రాయిని. కొడవలిని కాదు. లేనిదానికి నేను సాక్షి పెట్టను."

సవితకు ముప్ఫై ఏళ్ళు. మొగుడు వదిలేసి పోయి ఆరేళ్ళయింది. కూతురు ధనుశ్రీని వై.ఎన్.హొసకోటలో హాస్టల్లో పెట్టి చదివిస్తోంది. పీయూసీ దాకా, అంటే ఇంటరు దాకా చదివిన మనిషి, రాసినదేదైనా చదవకుండా చెయ్యి పెట్టదు.

ఆమె మీదికి లేచింది ఎవరో కాదు, మారక్కే.

"నీకేం తెలుస్తాదిమ్మే? మొగుడుండేదానికి కదా మొగుని బాధ తెలిసేది! నా ఇల్లు కూల్చాలని కూసున్యావా?"

సవిత డబ్బా సంచిలో పెట్టుకుని లేచి, అవతలి వరస నీడలోకి పోయి కూర్చుంది.

గిరీశ్ కన్నడంలో రాసిన కాగితం తెచ్చాడు. నా అజాగ్రత్త వల్ల, నా చేతి పనిముట్టు తగిలి, అని ఉంది. కింద మారక్క వంకరటింకరగా పేరు రాసింది. సాక్షులు కావాలన్నాడు. ఒకరిద్దరు చాలు, కానీ కాగితం గట్టిగా ఉండాలని పదకొండు మందితోనూ పెట్టించాడు. ఆరు సంతకాలు, నాలుగు వేలిముద్రలు. చివర సవిత. మారక్క వైపు చూడకుండా పెట్టి, పెన్ను గిరీశ్ చేతికివ్వకుండా నేలమీద పెట్టి లేచిపోయింది.

ఆ సాయంత్రం దాసన్న ఇంటికి కోడి తెచ్చాడు. మారక్కే వండింది.

పదిహేను రోజుల తర్వాత గిరీశ్ పనిచోటికి వచ్చి, ఆడవాళ్ళందరినీ పిలిచి గేట్‌పాసులు ఇచ్చేయమన్నాడు. మారక్కది ముందే పోయింది కాబట్టి పదకొండు.

"బెంగళూరు నుంచి ఆర్డరొచ్చింది. ఇంగ ప్యానెల్ కింద ఆడోళ్ళని పెట్టకూడదంట. సేఫ్టీ. ఆరు కొత్త మిషన్లొస్తాయి, మొగోళ్ళకి. నా చేతిలో ఏమీ లేదక్కా."

మగవాడు తప్పు చేస్తే అది ఆ మగవాడి తప్పు. ఆడది తప్పు చేస్తే అది ఆడవాళ్ళ తప్పు. బెంగళూరులో ఎవరో, ఈ పన్నెండు మంది మొహాలు ఎన్నడూ చూడనివాడు, ఒక కాగితం చూసి ఆడవాళ్ళ చేతులకు నిదానం లేదని తేల్చేశాడు. ఆ కాగితం కింద పదకొండు మంది ఆడవాళ్ళు, అవును సామీ మాకు నిదానం లేదు అన్నట్టు చేతులు పెట్టి ఉన్నారు.

ఆరు కొత్త మిషన్లకు దాసన్న లీడరయ్యాడు. టోపీ రంగు మారింది. మొదటి పది రోజుల్లో రెండు ప్యానెళ్ళు పగిలాయి. రిపోర్టులో గిరీశ్ ఏం రాశాడో మిషను పట్టే కుర్రాడొకడే కొళాయి దగ్గర చెప్పి నవ్వాడు. "రాయి ఎగిరి తగిలినది" అని రాశాడట. మనిషి పేరు లేదు. రాయికి గేట్‌పాసు ఉండదు కదా, పీక్కోవడానికి.

గుండమ్మకు మాత్రం సంబరమే. గడపలో కాళ్ళు చాపుకుని అనేది, "మంచిదే అయ్యిందిలే. భూములు కంపెనీకిచ్చిన ఇంటి కోడలు కూలికి పోతే నాకే నామర్దా. ఇంట్లో కూసోని వండి పెట్టు."

"మాత్రలకి యాడ్నించి తెస్తావత్తా?"

"నా కొడుకు తెస్తాడు."

కొడుకు తేలేదు. అత్త మాత్రలు ఒకరోజు విడిచి ఒకరోజు మింగడం మొదలుపెట్టింది. అది కూడా కోడలు గుర్తు చేయలేదనే మాట కిందికే పోయింది.

కొళాయి దగ్గర ఆడవాళ్ళు మారక్క బిందె ముందు తమ బిందె పెట్టేవాళ్ళు. "మొగుని ముద్దు చేసి మా కూడు తీసింది" అని వినబడేట్టు అనేవాళ్ళు. మీరు కదా చెప్పింది, మొగోని ఉద్యోగం దీపమని, అని ఆమె నోటి చివరిదాకా వచ్చేది. కానీ తను సవితతో ఏమన్నదో గుర్తొచ్చి నోరు మూతపడేది.

ఒకరోజు సాయంత్రం సవిత ఇంటికి పోయింది. సవిత అప్పుడే ఆటో దిగి వచ్చింది. పని పోయిన ఆడవాళ్ళంతా ఇప్పుడు తెల్లారకముందే లగేజీ ఆటోలో నిలబడి, ఆంధ్ర వైపు టమాటా తోటల్లోకి పోతున్నారు. కాళ్ళకు ఎర్రమట్టి అట్లాగే ఉంది.

"ఏమక్కా ఇట్లొచ్చినావు? మొగుడు లేని ఇల్లిది."

మారక్క గుమ్మం దగ్గరే నిలబడింది. "చెప్పు తీసుకోని కొట్టుమ్మే. ఆ మాట నేనన్యా."

"కొట్టేకి నాకు ఓపిక లేదు. కూర్చో."

సవిత కాళ్ళు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. తర్వాత మారక్కే అంది, "ఉన్నదున్నట్టు రాసియ్యి. నేను సంతకం పెడతా. ఆపీసులో ఇచ్చొస్తా. మొగుని పేరు ఎత్తి రాయి, దాచొద్దు."

"ఆయప్ప ఉద్యోగం పోతాదక్కా."

"పోనీ. మనది పోలేదా? మనది పోయినప్పుడు ఎవురింట్లో దీపమారిందని ఎవురన్నా అడిగిరా?"

సవిత ధనుశ్రీ పాత నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపింది. కన్నడంలో రాసి, రెండుసార్లు చదివి వినిపించింది. మారక్క పేరు రాసింది. ఈసారి అక్షరాలు వంకర పోలేదు. సవిత కూడా పెట్టింది. మిగిలిన పదిమంది ఇళ్ళకూ ఇద్దరూ తిరిగారు. ఒకామె మొగుణ్ణి అడిగి చెప్తానంది. ఇంకొకామె తలుపే తీయలేదు. ఒకామె మాత్రం వేలు ముందుకు చాపింది, లోపలినుంచి మొగుడి దగ్గు వినపడగానే వెనక్కి తీసుకుంది. తిరిగి తిరిగి రెండు సంతకాలే మిగిలాయి.

ఆఫీసులో పెద్దాయన ఆనంద్‌కుమార్. తుమకూరు మనిషి, మర్యాదస్థుడు. కూర్చోమన్నాడు, నీళ్ళిప్పించాడు. కాగితం మొత్తం చదివాడు. చదివి వెనక్కి తిప్పి చూశాడు, ఇంకేమైనా ఉందేమోనని.

"ఇందులో మీ యజమాని సంతకం లేదే?" అన్నాడు కన్నడంలో, మొగుణ్ణి ఉద్దేశించి.

"ఆయప్ప యాల పెడతాడు సార్? తప్పు ఆయప్పదే కదా!"

"అదేనమ్మా. ఆయన ఒప్పుకున్నట్టు సంతకం ఉంటే నేను పైకి పంపగలను. లేకుంటే ఇది మొగుడూ పెళ్ళాల గొడవ. ఇంటి విషయంలో కంపెనీ తలదూర్చదు."

"మొన్న నాతో పెట్టించుకున్యారే, అప్పుడు ఇంటి విషయం కాలేదా సార్? అప్పుడు ఆయప్ప సంతకం అడగలేదే?"

"అది కంపెనీ విషయం."

సవిత అందుకుంది. "సార్, సాక్షిని నేనుండా కదా. కళ్ళారా చూసినదాన్ని."

ఆనంద్‌కుమార్ బీరువాలోంచి పాత కాగితం తీసి బల్లమీద పరిచాడు. పదకొండు సాక్షి సంతకాల్లో చివరిదాని మీద వేలు పెట్టాడు.

"ఇది మీదే కదమ్మా? అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా? ఏదో ఒకటి చెప్పండి, రాసుకుంటాను."

సవిత తాము తెచ్చిన కాగితం బల్లమీంచి తీసి, మడిచి మారక్క చేతికిచ్చింది. ఏ జవాబు చెప్పినా రాసుకునేది అతనే.

తప్పు నాదని చెప్పడానికి ఆడదాని సంతకం ఒక్కటే చాలింది. నాది కాదని చెప్పడానికి మొగుడి సంతకం కావాలి. సరే, అది కూడా అడుగుదామని మారక్క లేచింది. సవిత వద్దంటున్నా కంచె వెంబడే పోయింది. ఆఫీసు వెనక మూడో వరసలో మిషన్లు నడుస్తున్నాయి. దాసన్న ఆమెను చూసి మిషను చప్పుడు తగ్గించాడు, ఆపలేదు. పక్కన ఇద్దరు కుర్రవాళ్ళు కూడా తలెత్తారు.

"ఏమప్పా, ఈడ సంతకం పెట్టు."

"ఏంది అది?"

"ప్యానెల్ నువ్వే పగలగొట్టినావని. పెద్దసారు నీ సంతకం తెమ్మన్యాడు."

అతను ఆఫీసు వైపు ఒకసారి చూశాడు. కోపం వచ్చిందని అనుకోవడానికి లేదు. నవ్వుతున్నట్టే ఉన్నాడు.

"ఇంటికి పో. రాత్రికి మాట్లాడుదాం."

"ఇంట్లో మాట్లాడేది కాదు. నువ్వు నా పేరు చెప్పింది ఈడ, అందరి ముందర. ఈడనే చెప్పు. అద్దం పగలగొట్టింది ఎవురు?"

ఆమె గొంతు పెంచింది. దాసన్న మొహం మీదికి ప్లాస్టిక్ ముసుగు దించుకున్నాడు. మిషను రయ్యిమంది. ఆమె ఇంకా గట్టిగా, ఇంకోసారి, మూడోసారి అడిగింది. కుర్రవాళ్ళలో ఒకడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని దాసన్నను అడిగాడు.

"ఏమంటాండాది అన్నా, వదిన?"

ఆ చప్పుడులో వినబడాలని దాసన్న అరిచి చెప్పాడు. కంచె ఇవతల మారక్కకు కూడా అక్షరం అక్షరం వినబడింది.

"పొద్దన అన్నం డబ్బా మర్చిపోతినంట! తెచ్చినానంటాండాది!"

ఆ ఇద్దరూ మారక్క చేతుల వైపు చూశారు. చేతుల్లో కాగితం తప్ప ఏమీ లేదు. చూశారు, సరేనని తలాడించారు, గడ్డి కోసుకోవడానికి తిరిగారు.