అప్పుడు చెయ్యని వేళాకోళం

లుసాకాలో, మటేరో బజార్లో నాది పాత పుస్తకాల బల్ల. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందంటారు, నిజమే. కానీ కసూబా మీద మాత్రం రాదు. పద్నాలుగేళ్ళ పిల్ల, మూడు నెలలుగా అదే నా మీద అలిగి మొహం తిప్పుకుని పోతోంది.

వాళ్ళమ్మ ముసోండా నా ప్రాణస్నేహితురాలు. వాళ్ళు బెంబా తెగవాళ్ళు, మేం న్గోనీ తెగవాళ్ళం. మా తాతలు కొట్టుకు చచ్చారు గనక, ఆ పగ నవ్వుల్లో పోయేలా మేం ఒకర్నొకరు ఆటపట్టించుకోవాలి, అది మా రెండు తెగల ఆచారం, మా హక్కు. నేను "కోతుల్ని తినేదానా" అంటే, తను "ఎలకల్ని తినేదానా" అనేది. చావింట్లో కూడా శవపేటిక ముందు నిలబడి, పోయినవాళ్ళని వేళాకోళం చెయ్యాల్సింది మేమే. ముసోండా పోయిన రోజు నాకు నోరు పెగల్లేదు. మూలన కూర్చుని ఏడ్చాను. అదీ కసూబా కోపం.

మొన్న బుధవారం పుస్తకాల మూట విప్పితే ఓ నవల రెండో భాగం కనపడింది. మొదటిది తల్లీకూతుళ్ళు నా బల్ల దగ్గరే కూర్చుని చదివారు. ఎండ చచ్చిపోయిన కాలం, భూమి కింద చీకటి నగరం, అందులో చిక్కుకున్న ఓ తల్లీ పిల్లా, అదీ కథ. "తర్వాతేమైందో తెలీకుండా నేను చావను" అనేది ముసోండా.

కబురు పంపాను. కసూబా వచ్చింది. నాతో పలక్కుండా పీట లాక్కుని, అలవాటు కొద్దీ పైకే చదవసాగింది.

అరవయ్యో పేజీలో ఆ తల్లి చచ్చిపోయింది. పోయినవాళ్ళ గురించి నోరెత్తకూడదని ఆ నగరంలో చట్టం. పేటికని మాటా పలుకూ లేకుండా మోసుకుపోయారు. కసూబా చదవడం ఆపేసింది.

"మా అమ్మకీ ఇదే చేశావు అత్తా. అందరూ నీకోసమే చూశారు. పరాయిదాన్ని సాగనంపినట్టు పంపేశావు."

"ఏడుపొచ్చిందే. ఏడుస్తూ ఎలా ఆటపట్టించను?"

"ఏడుస్తూనే" అంది.

లేచి నిలబడ్డాను. టమాటాల వాళ్ళు చూస్తున్నారు, చూడనీ.

"ఏమే ముసోండా, కోతుల్ని తినే మొహమా. తర్వాతేమైందో తెలీకుండా చావనని కోతలు కోశావుగా. రెండో భాగం ఇదిగో నా చేతిలో ఉంది, చెప్పను పో. నా గొడుగు పట్టుకుపోయి ఆరేళ్ళైంది. ఇవ్వకుండానే పోయావు. అక్కడేమన్నా వాన పడుతోందా నీకు?" ఏడుస్తూనే అన్నాను, ఆపలేదు.

కసూబా నవ్వింది. నవ్వుతూనే భోరుమంది. తల్లి పోయిన రోజు చుక్క నీరు రాల్చని పిల్ల అది. గుండెకి హత్తుకుని, నా కొంగుతోనే మొహం తుడిచాను.

"గొడుగు మా ఇంట్లోనే ఉంది. రేపు తెస్తాను" అంది వెక్కుతూ.

"తేకు. తెస్తే మీ అమ్మని దేనికి తిట్టుకోను?"

ముక్కు చీదుకుని పుస్తకం మళ్ళీ తీసింది. అరవై ఒకటో పేజీ తిప్పి, తలెత్తకుండానే అంది.

"కాస్త జరుగు, ఎలకల్ని తినేదానా. వెలుతురుకి అడ్డమొస్తున్నావు."

నేను జరిగాను.