గుడ్డ కింద నీళ్ళు

గుడ్డ మీద నిలిచిన నాచు ముద్దను ఆమె చేత్తో ఒత్తింది. కింద బకెట్‌లోకి జారే నీళ్ళు తేటగా ఉండాలి. పచ్చగా ఉన్నాయి.

భర్త పోయాక షెడ్డులోని నాలుగు ట్యాంకులనూ ఆమె, మరిది కలిసి చూసుకుంటున్నారు. వాళ్ళు పెంచే నాచు పోగులు పోగులుగా ఉంటుంది, గుడ్డలో ఆగుతుంది. దాన్ని ఎండబెట్టి చేసిన పొడిని ఆసుపత్రిలో చిక్కిపోయిన పిల్లల పాలలో కలుపుతారు. గుడ్డలోంచి కూడా జారిపోయేంత సన్నటి వేరే నాచేదో ఇందులో చేరిందన్నమాట. అలాంటివాటిలో విషమున్నవీ ఉంటాయి.

మరిది వంగి చూశాడు.

"పొద్దస్తమానం ఈ పచ్చనీళ్ళే చూస్తుంటే రేపు కన్నీళ్ళు కూడా పచ్చగానే కనిపిస్తాయి వదినా."

"గ్లాసులో పట్టి చూడు."

పట్టి వెలుతురుకి ఎత్తాడు. అతని మొహంలో నవ్వు పోయింది.

"ఇదొక్క ట్యాంకేగా?"

"వడకట్టిన నీళ్ళు ఎందులో తగ్గితే అందులో పోస్తున్నాం కదా. అన్నిట్లోనూ ఉంటుంది."

ఆ నీళ్ళలో ఇంకా సత్తువ ఉంటుంది, పారబోయకూడదని నేర్పింది ఆమె భర్తే.

ట్యాంకులన్నీ ఖాళీ చేసి, కడిగి, కొత్త నాచు తెచ్చి వేయాలి. ఇద్దరికీ తెలుసు. కానీ ఇది ఆయన ఒక సీసాడు తెచ్చి పెంచిన నాచు. తీసినకొద్దీ పెరుగుతూ, ఆయన పోయిన రోజున కూడా ఆగకుండా పెరిగింది. ఆయన మొదలుపెట్టినది ఇంకా సాగుతోందన్న ఒక్క ఊహను పట్టుకునే ఆమె రోజూ మంచం దిగుతోంది.

"ఒక్క బకెట్ ఉంచుకుందాం. తేరుకుంటుందేమో," అన్నాడు మరిది. "అన్నయ్య చేతిది."

"తాగే పిల్లలకి ఎవరి చేతిదైతే ఏంటి?"

తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. ఈ పచ్చదనం ఇవాళ్టిది కాదు. కొన్నాళ్ళుగా ఆమె గుడ్డ పైకే చూస్తోంది, కిందికి చూడటం లేదు. చూడకూడదని ఎప్పుడూ అనుకోలేదు, ఆ పని కళ్ళే చూసుకున్నాయి. ఆమెకు తన కళ్ళంటే భయం వేసింది. బకెట్ దాచుకుంటే, అది కూడా బాగుందనే చెబుతాయవి.

"మరి మొన్న పంపిన పొడి?" అడిగాడతను, మెల్లగా.

"వెళ్ళి వాడొద్దని చెప్పు. ఫోన్‌లో కాదు, నువ్వే వెళ్ళు."

"నువ్వొక్కదానివే ఇదంతా..."

"వెళ్ళు."

బండి చప్పుడు దూరమయ్యేదాకా నిలబడింది. తర్వాత మొదటి ట్యాంకులోకి దిగి, అడుగున బిరడా కోసం తడిమింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. చేతికి బిరడా దొరికింది. లాగడానికి చాలాసేపు పట్టింది.