నురగ రాని డ్రమ్ము

నేను ఒక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్మును. నన్ను చూసినవాళ్లెవరైనా ముందు వేలితో కొట్టి చూస్తారు. "గట్టిదే" అంటారు. లోపల ఇంతకు ముందు ఏముండేదని మాత్రం అడగరు.

ఫ్యాక్టరీలో నాలో పురుగుల మందు పోసి, పైన పుర్రె బొమ్మ కాగితం అతికించారు. మందు అయిపోయాక పాత సామాన్ల కొట్టుకు చేరాను. కొట్టువాడు చేసిన మొదటి పని ఆ పుర్రెను గోకి పారెయ్యడం. పుర్రె ఉంటే ఎవరూ కొనరట. వాసన ఉన్నా కొంటారట! మనుషులను చూసి నేను నివ్వెరపోవడం అదే మొదలు.

గురవయ్య నన్ను కొని తన మిరప చేలో పెట్టాడు. నాలుగైదు మందులు నాలో పోసి చేత్తోనే కలిపేవాడు. పురుగు చావకపోతే ఇంకో మూత ఎక్కువ పోసేవాడు. ఏటికేడు మందు పెరిగింది, పురుగు తగ్గలేదు. నేల మాత్రం బండలా గట్టిపడింది. ఒకరోజు అతని భార్య మస్తానమ్మ మట్టిగడ్డను చేతిలోకి తీసుకుని నలిపింది. అది నలగలేదు.

"ఈ చేలో వానపామును చూసి ఎన్నేళ్లయిందయ్యా?" అంది. గురవయ్య ఇంకో మూత మందు కొలిచాడు.

ఈ ఏడు ఆమె పట్టుబట్టింది. మందులు మానేసి, ఊళ్లో సంఘం ఆడవాళ్లు చేస్తున్నట్టు జీవామృతంతో సాగు చేద్దామంది.

"సరే చెయ్యి. పంట పోతే ఆ జీవామృతమే పులుసు కాచి పెట్టు" అన్నాడు గురవయ్య.

"పెడతా. నువ్వు నేలకు తాగించిన దాని కన్నా నయమే."

ఆమె నన్ను చింతపండు, బూడిద, సబ్బు పెట్టి మూడుసార్లు తోమింది. ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి నీళ్లలో కలిపి నాలో పోసింది. పట్టగా మిగిలింది పక్కనున్న మట్టికుండలో పోసి గోనెపట్టా కప్పింది. "ఇందులో కంటికి కనపడని జీవాలు కోట్లలో పుడతాయి. నేలను బతికించేది అవే" అని మొగుడికి చెప్పింది. నాకు ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లూ చావును మోసిన నాలో ఇక ప్రాణం పుడుతుంది!

రెండు పూటలా వేపకర్రతో తిప్పింది. నురగ రావాలి. రాలేదు. పులిసిన వాసన రావాలి. అదీ లేదు. బెల్లం కోసం వాలిన ఈగలు అందులోనే పడి చచ్చాయి.

గురవయ్య తొంగి చూశాడు. "నీ జీవాలు ఇంకా నిద్ర లేవలేదే. కాఫీ పొయ్యరాదూ?"

"బెల్లం మంచిది కాదేమోలే" అంది మస్తానమ్మ చిన్నబోయి.

అప్పుడే ఆమె తమ్ముడు ఏడుకొండలు వచ్చాడు. మర్నాడు వాళ్లమ్మాయికి ఓణీల ఫంక్షన్.

"బావా, మజ్జిగకి డ్రమ్ము కావాలి. బళ్లో పిల్లలందర్నీ పిలిచాను."

"తీసుకుపోరా. మీ అక్క మందు ఎటూ పనిచెయ్యలా."

అతను నాలోనిది గట్టు మీద పారబోసి, నీళ్లతో కడిగి, లోపలికి చూశాడు. "అద్దంలా ఉంది బావా!" అన్నాడు. నేను అదిరిపోయాను. అద్దమా? నా గోడల్లో ఇంకిందేమిటో నాకు తెలుసు. మజ్జిగా? పిల్లలా? అరవడానికి నాకు నోరుంది, గొంతు లేదు.

అతను నన్ను దొర్లించుకుపోతుంటే నా అంచు తగిలి కుండ మీది గోనెపట్టా జారింది. కుండ నిండా తెల్లటి నురగ! బుడగలు చిటపటమంటూ పొంగి పక్కలకు కారుతున్నాయి.

మస్తానమ్మ కుండను చూసింది, నన్ను చూసింది.

"ఆగరా! అదే పేడ, అదే బెల్లం. కుండలో బతికింది, దీంట్లో చచ్చింది."

"అయితే ఏందక్కా?"

"పేడలో పుట్టే పురుగు కూడా బతకలేదురా దీంట్లో! పిల్లలకి మజ్జిగ పోస్తావా?"

ఏడుకొండలు నా మీద నుంచి చేతులు తీసేసి, పంచెకు తుడుచుకున్నాడు.

గురవయ్య గట్టు మీద కూలబడ్డాడు. "పోయినేడు కోతలప్పుడు..." అని ఆగాడు. "కూలోళ్లకి తాగే నీళ్లు దీంట్లోనే పెట్టాను గదే. సుబ్బులు వాంతులు చేసుకుంటే వడదెబ్బ అనుకున్నాం."

ఆ నీళ్లు నాకూ గుర్తున్నాయి. చల్లగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు.

మస్తానమ్మ గడ్డపార తెచ్చింది. నన్ను బోర్లించి అడుగున నాలుగు పోట్లు పొడిచింది.

"బంగారం లాంటి డ్రమ్ము గదక్కా" అన్నాడు ఏడుకొండలు, అలవాటు కొద్దీ. తర్వాత తనే తల దించుకున్నాడు. ఆమె సుబ్బులు ఇంటికి బయల్దేరింది. గురవయ్య కూడా ఆమె వెనకే వెళ్లాడు.

ఇప్పుడు నేను చేను మధ్యలో నిలబడి ఉన్నాను. నాలో రాళ్లు నింపి పొడవైన కర్ర పాతారు. గోరింకలు దాని మీద వాలి, మిరప కాయల్ని తొలిచే పురుగుల్ని ఏరుకు తింటున్నాయి. జీవామృతం ఇప్పుడు కుండల్లోనే పొంగుతోంది. నా మీద మస్తానమ్మ సున్నంతో మళ్లీ పుర్రె గీసింది. బొమ్మ సరిగా రాక, అది నవ్వుతున్నట్టుంది.

పొద్దున వాన పడింది. నాలోకి వచ్చిన నీళ్లన్నీ కిందికి పోయేదాకా వింటూ ఉన్నాను. ఒక్క చుక్క కూడా ఉంచుకోలేదు. ఒక గోరింక దాహంతో నా అంచు మీద వాలి, లోపలికి చూసి, నీళ్లు లేవని కాలువ వైపు ఎగిరిపోయింది.