సాంపె అడిగిన గడువు

సాంపె పన్నెండో తరగతి గట్టెక్కాడన్న కబురు ఇంటిల్లిపాదికీ పండగైంది, ఒక్క సాంపెకి తప్ప. వాళ్ల నాన్న ఊపిరి ఆగి మూడేళ్లయింది. అయినా ఆయన పోయాడని ఎవరూ అనరు. మా కొండల్లో కర్మనాడు బలిచ్చే మొదటి దున్న నేలకొరిగేదాకా మనిషి పోయినట్టు కాదు, ఒంట్లో బాగాలేనట్టే. దేహం పాడవకుండా మందు పట్టించి, మంచి చొక్కా తొడిగి, దక్షిణపు గదిలో పడుకోబెట్టారు. పొద్దున్నే అమ్మ ఆయనకి కాఫీ పెడుతుంది, కబుర్లు చెబుతుంది, రాత్రి ఆ గదిలోనే చాప వేసుకుంటుంది. పిల్లాడి చదువు అయ్యాక, పెద్దకొడుకుగా వాడే కర్మకి నెల చెప్పాలని పెద్దలు అప్పుడే తీర్మానించారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరూ స్తంభాల మీద నిలిపిన ధాన్యపు గాదె కింద అరుగు మీద చేరారు. పెదనాన్న లింబోంగ్ తమలపాకు నములుతూ అందుకున్నాడు.

"ఏరా, మీసాలొచ్చాయి, సర్టిఫికెట్టూ వచ్చింది. ఇంక నోట్లోంచి మాటొక్కటే రావాలి. ఏ నెల పెట్టుకుందాం?"

సాంపె కళ్లు దక్షిణపు గది వైపు మళ్లాయి. తను నెల చెబితే ఆ నెలలో నాన్న చనిపోతాడు. చెప్పకపోతే ఉంటాడు.

"ఒక్క ఏడాది ఆగు పెదనాన్నా. సముద్రం దాటి కాలిమంతాన్ తోటల్లో పనికి పోతాను. నా రెక్కల కష్టంతో ఒక దున్న తెస్తాను. నాన్నకి నా చేత్తో ఇవ్వకపోతే ఎలా?"

పెదనాన్న కళ్లు చెమర్చాయి. "చూశార్రా! మొన్నటిదాకా గాలిపటాల వెంట పడ్డ వెధవ! వీడి మాట వింటే మా తమ్ముడు పొంగిపోడూ!"

అందరూ భుజం తట్టారు. బాధ్యత అని పేరు పెడితే చాలు, పెద్దవాళ్లు ఎంత అబద్ధమైనా మింగేస్తారు. అమ్మ మాత్రం ఖాళీ పళ్లేలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు బట్టలు సర్దుకుంటుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"దున్న ఎవరికిరా?"

"నాన్నకి."

"నాన్న అడిగాడా?"

సాంపె తల దించుకున్నాడు. "నెల చెప్పేస్తే నీకు ఆయన లేకుండా పోతాడని..."

"నా మీద పెట్టకు. జబ్బుమనిషి ఇంట్లో ఉండగా ఏడవకూడదన్నారు, ఏడవలేదు. మా అక్క ఇంట్లో ఒక్క రాత్రి పడుకుని ఎరగను. నువ్వు తోటలకి పోతావు. ఆ గదిలో ఉండేది నేను. అలిసిపోయాన్రా నాయనా."

అమ్మ నోట ఆ మాట సాంపె ఎప్పుడూ వినలేదు. గడువు అమ్మ కోసమేనని తనకి తనే చెప్పుకున్నాడు గానీ, నాన్న కావలసింది తనకి. మోసేది ఆవిడ. సిగ్గుతో చితికిపోయాడు. సంచి అక్కడే వదిలేసి పెదనాన్న ఇంటికి నడిచాడు. ఆయన దున్నని కడుగుతున్నాడు.

"ఆగస్టులో పెట్టండి పెదనాన్నా."

"అదేమిట్రా? మరి నీ దున్న?"

"దున్నా లేదు, ఏమీ లేదు. నిన్న భయమేసి అలా అన్నాను."

పెదనాన్న నీళ్ల చెంబు కింద పెట్టాడు. తిడతాడేమో అనుకున్నాడు సాంపె. ఆయన తిట్టలేదు.

"సరే. కానీ జబ్బుమనిషికి చెప్పకుండా పెట్టకూడదు. అదీ నువ్వే చెప్పాలి."

సాంపె దక్షిణపు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. "నాన్నా, ఆగస్టులో అనుకున్నాం," అన్నాడు. ఆయన ఒక్కసారి తిడితే బాగుండునని కూర్చున్నాడు. కూర్చునే ఉన్నాడు.

బయటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమన్నాడురా?"

"ఏమీ అనలేదమ్మా."

అమ్మ వాడి చొక్కా పట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. మూడేళ్లలో మొదటిసారి, ఊరంతా వినేలా ఏడ్చింది.