నవోమి ఇంటి తూర్పుగోడ

మైపాడుకి ఉత్తరంగా, ఉప్పుమళ్ళ పక్కనున్న పాలెంలో ముప్ఫై ఇళ్ళుంటే, క్రిస్మసు ముందు ముప్ఫైటికీ గుల్లసున్నం కొట్టాల్సిందే. సున్నం ఎవరైనా కొట్టొచ్చుగానీ, దానిమీద బొమ్మలు మాత్రం నవోమే వెయ్యాల. ఈతపుల్ల కొస నమిలి కుంచె చేసుకుని, ఎర్రమన్ను కలుపుకుని, ఒకరింటికి పావురం, ఒకరింటికి నక్షత్రం, సంఘపెద్ద కృపాదానం ఇంటికి గొర్రెపిల్ల వేసేది. గొర్రెపిల్లకి కాళ్ళు అయిదొచ్చినాయని కృపాదానం ఏటా తగాదాకొచ్చేవాడు.

"అయిదోది తోక, తమ్ముడూ," అనేది ఆమె.

పందొమ్మిదివందల అరవై ఒకటి క్రిస్మసుకి మాత్రం నవోమి ఎవరింటికీ పోలేదు.

ఆ ఎండాకాలంలో ఆమె ఒక్కగానొక్క కూతురు జయశీల పోయింది. కాన్పయిన పదోరోజుకే ఉప్పుగంప నెత్తికెత్తుకుంది. పాలెంలో అందరూ అంతే, ఉప్పు పండే రోజుల్లో ఇంట్లో కూర్చుంటే జరిగేదెట్టా? తడి ఉప్పు గంపంటే రెండు మణుగుల పైమాటే. లోపల ఏదో జారింది. ఎక్కడ నొప్పి అని కాంపౌండరు అడిగితే కడుపుమీద చెయ్యి పెట్టింది. అక్కడి ఆడవాళ్ళకి నడుముకీ మోకాలికీ మధ్య ఏం జరిగినా కడుపునొప్పే. ఆయనేం చేస్తాడు పాపం, వాము అరకు ఇచ్చినాడు. మూడు సీసాలు తాగింది. తల్లికీ కడుపనే చెప్పింది. తల్లి ఆముదం రాసి ఆ కడుపునే రుద్దింది. నెల్లూరు ఆసుపత్రికి చేర్చేసరికి లోపల పుండు ముదిరి, జ్వరం తలకెక్కిపోయింది.

అంతా అయినాక డాక్టరమ్మ గోడకున్న పటం చూపించింది. "ఇదమ్మా గర్భసంచి. ఇది కిందికి జారింది. నెలముందు తెచ్చుంటే బతికేది."

బిడ్డని కన్న నవోమి కూడా గర్భసంచి రూపం చూడడం అదే మొదలు. పసిగుడ్డుని తండ్రి తరపువాళ్ళు తీసుకుపోయినారు. నవోమికి పటం ఒక్కటే మిగిలింది, కళ్ళల్లో.

దాన్నే క్రిస్మసుకి తన ఇంటి తూర్పుగోడ మీద వేసింది. చేటంత బొమ్మ. తిరగేసిన సొరకాయ బుర్ర, అటూ ఇటూ చాపిన రెండు చేతులు, చేతుల చివర చెరో రేగుపండు. కిందున్న దారి, దారి చివర వాకిలి కూడా దాచకుండా వేసింది.

ఎవరైనా ఆడమనిషి ఎదురుగా నిలబడితే, ఆమెకి ఎక్కడ బాధుందో బొమ్మలో అక్కడ చెమ్మొచ్చేది. సముద్రపు గాలికి గోడలు చెమ్మగిల్లడం మామూలే కాబట్టి దాన్ని గురించి ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడిందంతా బొమ్మ గురించే.

"ఏం నవోమక్కా, గోడకి ఒక కోకన్నా కట్టకూడదా?" అని బావి దగ్గర ఏసుమణి ఎగతాళి చేసింది. వారం తిరక్కుండా ఆ ఏసుమణే ఒంటరిగా వచ్చి గోడ ముందు నిలబడింది. ఎడమపక్క రేగుపండు తడిసింది. "గాలెక్కువగా ఉంది ఈ పూట," అని, తెల్లారి నెల్లూరు బస్సెక్కింది. తర్వాత విడవలూరు నుంచి కూడా ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టినారు, ఉప్పు కొనే నెపం మీద.

నవోమి నిలబడితే మాత్రం గోడ పొడిగానే ఉండేది. ఆమె నొప్పి ఎక్కడుందో ఆ గోడకి దొరికేది కాదు.

ఈస్టరు దగ్గరపడింది. కృపాదానం కుంచె పట్టుకుని వచ్చినాడు. వెనకాలే కోడలు పుష్పకుమారి, చంకలో సున్నం కడవ.

"పాస్టరుగారు మన వీధినే నడిచొస్తారక్కా. గోడకి చెమ్మంటావా, రానీ. ఆ బొమ్మేంది? మనకి ఆడబిడ్డలు లేరా?"

"నాకుండింది," అనింది నవోమి.

కృపాదానం కడవ దించమని కోడలికి సైగ చేసినాడు. పుష్పకుమారి కడవ దించి, గుంజ పట్టుకుని మెల్లిగా లేచింది. బొమ్మలో కిందిభాగం తడిసింది. తడిసి ఊరుకోలేదు, ధారకట్టి నేలదాకా జారింది. ఎర్రమన్ను నీళ్ళు సున్నంలో కలిసినాయి.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?" అనింది నవోమి.

"కడుపునొప్పి, పెద్దమ్మా. బిడ్డకి మూడోనెల వచ్చినప్పటి నుంచి."

కృపాదానం కుంచె కడవలో పెట్టేసినాడు. జయశీల పెట్టెకి ముందువైపు భుజమిచ్చింది ఆయనే.

"బండి కట్టిస్తా," అన్నాడు.

"ఆసుపత్రిలోనూ కడుపనే చెప్తుంది," అని నవోమి ఇంట్లోకి పోయి గడ్డపార తెచ్చింది.

"వద్దక్కా, నీకున్నది అదొక్కటే."

"కింద పడకుండా పట్టుకో."

మట్టిగోడే కాబట్టి బొమ్మ చుట్టూ తవ్వితే పెళ్ళగా ఊడొచ్చింది. ఉప్పుగంపలో గడ్డి పరిచి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టింది. మైపాడు దాకా బండి, అక్కణ్ణుంచి బస్సు. దారంతా గంప నవోమి ఒళ్ళోనే.

ఎక్కడ నొప్పి అని డాక్టరమ్మ అడగ్గానే పుష్పకుమారి చెయ్యి అలవాటుగా కడుపుమీదికి పోయింది. నవోమి మట్టిపెళ్ళ తీసి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. కోక తడిసింది. పుష్పకుమారి ఆ తడిని చూసింది, నవోమిని చూసింది. చెయ్యి కిందికి దించింది.

"కడుపు కాదమ్మా. గర్భసంచి. కిందికి జారింది."

వరండాలో ఉన్న కృపాదానానికి కూడా వినబడింది. ఆయన తల దించుకోలేదు. డాక్టరమ్మ ఆ పిల్ల ఒళ్ళోని తడి తుడిచి, తెర లాగింది. పద్నాలుగో రోజుకి పుష్పకుమారి తన కాళ్ళమీద తాను నడిచి ఇంటికొచ్చింది.

నవోమి రెండ్రోజులకే తిరిగొచ్చింది. పెళ్ళ ఎండిపోయి, బస్సు కుదుపులకి పగిలి, పిండయింది. ఆ పిండిని కొంగున ముడేసుకుంది. తూర్పుగోడకి చేటంత కంత మిగిలింది. అందులోంచి చూస్తే ఉప్పుమళ్ళు, గంపలతో వరసగా నడిచే ఆడవాళ్ళు.

ఈస్టరు ముందురోజు కృపాదానం గడ్డి కలిపి తొక్కిన మట్టి తట్టతో వచ్చినాడు, కంత మూద్దామని. నవోమి కంత అంచుకి నుదురానించి నిలబడుంది.

"కొంచెం జరుగక్కా."

ఆమె జరిగింది. నుదురు ఆనినచోట గోడ తడిసుంది. ఆ తడి అక్కడ ఆగలేదు. కంత చుట్టూ తిరిగి, పైకి చూరుదాకా, కిందికి నేలదాకా, ఈ కొస నుంచి ఆ కొసకి గోడంతా చెమ్మగిల్లింది. కృపాదానం దానిమీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"గాలెక్కువగా ఉంది ఈ పూట," అన్నాడు.

కంత మూయకుండానే తట్ట నెత్తికెత్తుకుని వచ్చిన దారినే పోయినాడు.