లేని బ్రేకు

"లోపలంతా శుభ్రంగా తుడువు. బండి ముస్తాబుని బట్టే బేరం," అని గుమ్మంలోంచి ఒక మాట పడేసి భర్త స్నానానికి వెళ్ళిపోయాడు. సెలవురోజు పొద్దున్నే ఆవిడ పాత కారులో మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డతో సీట్ల సందులు తుడుస్తోంది. బిస్కెట్ ముక్కలు, ఒక తలపిన్ను, పిల్ల ఎప్పుడో పారేసుకుని తిట్లు తిన్న రబ్బరు బయటపడ్డాయి. ముందు సీటు దగ్గర, తను రోజూ కూర్చునే వైపు మ్యాట్ ఎత్తి దులపబోయి ఆగిపోయింది. కుడికాలి మడమ ఆనే చోట రబ్బరు అరిగి అరిగి చిల్లు పడింది. వేలు పెడితే దూరేంత చిల్లు. నడిపేవాడి వైపు మ్యాట్ మాత్రం నిన్న కొన్నట్టుంది. ఆవిడ దొంగలా అటూ ఇటూ చూసి, మ్యాట్ తిరగేసి వేసేసింది.

ఆ చిల్లు పడటానికి ఏళ్ళు పట్టింది. ఆయన నోటితో తిట్టే మనిషి కాదు. ఇరుగమ్మలు ఆయన్ని చూపించి మొగుళ్ళని దెప్పుతుంటారు కూడా. "కారు ఆగీ ఆగగానే తనే దిగొచ్చి కన్నతల్లికీ కూతురికీ వెనక తలుపు తీసి పట్టుకుంటాడు. మర్యాదంటే అదీ!" అని. వెనక తలుపులకి పిల్లల తాళం వేసి ఉంటుందనీ, అవి లోపల్నుంచి తెరుచుకోవనీ, పిల్లకి పదేళ్ళు నిండినా ఆ తాళం తియ్యలేదనీ ఇరుగమ్మలకేం తెలుసు? ఆయన కాలితో తిడతాడు. ఫోను వెంటనే ఎత్తకపోయినా, నలుగురిలో ఆయన మాటకి అడ్డొచ్చినా, ఇంట్లో పల్లెత్తు మాట అనడు. నవ్వుతూ "పద, అలా తిరిగొద్దాం" అంటాడు. కారు ఊరు దాటుతుంది. కోపం ఆయన పెదవుల మీదికి రాదు, పాదంలోకి దిగుతుంది. ఆవిడ కుడికాలు తన వైపు లేని బ్రేకుని నొక్కుతూ ఉంటుంది.

ఒకసారి కొండమలుపులో "ఎదురుగా లారీ అండీ" అన్న పాపానికి, లారీని దాటించాక కారుని తీసుకెళ్ళి లోయ అంచున కంకర మీద నడిపాడు. ఆవిడ వైపు కిటికీలోంచి చూస్తే కింద చెట్ల తలలు తప్ప నేల లేదు. "ఇప్పుడు చెప్పు, డ్రైవింగు ఎవరికొచ్చు?" అన్నాడు నెమ్మదిగా. "మీకే" అంది. "వినపడలేదు." "మీకేనండీ." అప్పుడు కారు రోడ్డెక్కింది. వెనక పిల్ల నిద్రపోతోంది కదా, అదే పదివేలు అనుకుంది. అత్తగారు సరేసరి. కారెక్కితే తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంటుంది, దిగేదాకా తెరవదు. ఒకనాడు తిరిగొచ్చాక వంటింట్లో కోడలు గిన్నె జారవిడవడం చూసి అత్తగారే అంది, "మీ మామగారి బండి వెనక నేను ముప్ఫై ఏళ్ళు కళ్ళు మూసుకునే తిరిగాను. నువ్వూ నిద్రపోవడం నేర్చుకో అమ్మాయ్. ఆరోగ్యానికి మంచిది."

ఇప్పుడాయన పెద్ద బండి కొంటున్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. సెలవులివ్వగానే స్నేహితుల గుంపుతో, పెళ్ళాం బిడ్డలతో సహా, దారి లేని కొండ మీదికి ఎక్కించాలని పట్టుదల. ఆవిడకి కొండంటే భయం లేదు. రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్ళుంటారు, నలుగురూ చూస్తారన్న జంకు ఆ కాలికి కాస్తయినా ఉంటుంది. దారే లేని చోట ఆ కాలికి అడ్డెవరు? ఈ ఆలోచనతో నెలరోజులుగా ఆవిడకి అన్నం సయించడం లేదు.

రోజూ భోజనాలయ్యాక బండ్ల కంపెనీలిచ్చిన రంగుబొమ్మల పుస్తకాలు రెండు బల్ల మీద పరిచేవాడు. ఒకదాంట్లో తెల్ల బండి, ఒకదాంట్లో నల్ల బండి. నల్లది మొండిది. పొట్ట నేలకి ఎత్తుగా ఉంటుంది, రాళ్ళ మీద ఆనదు, మొలలోతు నీళ్ళలో దిగినా ఊపిరాడుతుంది. కానీ వెనక కూర్చున్నవాళ్ళని చేటలో బియ్యంలా చెరుగుతుంది. తెల్లది మెత్తనిది. వెనక సీట్లకి గాలి, కాళ్ళకి చోటు, ముసలివాళ్ళు ఎక్కడానికి మెట్టు, అన్నీ ఉన్నాయి. పొట్ట మాత్రం కిందికి, పెద్ద బండరాయి వస్తే గీసుకుంటుంది. "కొండ సంగతి నేను చూసుకుంటా. కుటుంబ సౌకర్యం సంగతి నువ్వు చూసి చెప్పు. తర్వాత నడుంనొప్పీ గిడుంనొప్పీ అంటే ఊరుకోను," అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిణ్ణి ఒకటి ఎంచుకోమనడం అదే మొదలు. ఉరితాడు నైలాన్‌దా నారదా అని అడిగినట్టు.

షోరూంలో ముందు పాత కారు ధర కట్టేవాడు వచ్చాడు. హుషారైన మనిషి. బానెట్టెత్తాడు, టైర్లు తన్నాడు, చివరికి మ్యాట్ ఎత్తాడు.

"ఇదేంటి సార్, డ్రైవింగ్ స్కూలు బండా? ఈ పక్క కూడా బ్రేకుండేదా ఏంటి?" అన్నాడు చిల్లులో వేలు పెట్టి ఆడిస్తూ.

"మా ఆవిడ అక్కణ్ణుంచే నడుపుతుందిలే," అన్నాడు భర్త. అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. తన పళ్ళు తనకే పరాయిగా తోచాయి.

షోరూం వెనక మట్టితో గుట్టలు పోసి, గోతులు తవ్వి, ఒక పక్క నేలని ఏటవాలుగా చెక్కి ఉంచారు. ముందు తెల్ల బండిని కంపెనీ డ్రైవరు నడిపి చూపిస్తానన్నాడు. పక్కన భర్త, వెనక అత్తగారు, కోడలు, మధ్యలో పిల్ల. ఇంట్లో దాన్ని అందరూ పిచిక అంటారు. బండి గుట్ట ఎక్కుతుంటే ముందద్దంలోంచి ఆకాశం తప్ప ఏమీ లేదు. దిగేటప్పుడు నేల మీద పడుతున్నట్టే ఉంది. "భయపడకండమ్మా, ఇది దానంతటదే మెల్లగా దిగుతుంది. నేను కాళ్ళు రెండూ తీసేశాను, చూడండి," అన్నాడు డ్రైవరు. పిచిక కిలకిలా నవ్వి "ఇంకోసారి, ఇంకోసారి!" అంది. కిందికి దిగాకగానీ ఆవిడ గమనించుకోలేదు. తన కుడికాలు ఊరికే పడి ఉంది. ఎండలో పడుకున్న పిల్లిలా.

నల్ల బండి మాత్రం తనే నడుపుతానన్నాడు భర్త. డ్రైవరు పక్క సీట్లోకి జరిగాడు. అదే గుట్ట, అదే గొయ్యి. పైకి ఎక్కాక డ్రైవరు "సార్, కాలు తీసెయ్యండి, అదే దిగుతుంది" అన్నాడు. అత్తగారు అప్పటికే కళ్ళు మూసుకుంది. కోడలి నోట్లోంచి, ఆపుకుందామనుకుంటూనే, "మెల్లగా అండీ" అన్న మాట జారింది.

భర్త అద్దంలో ఆవిణ్ణి చూశాడు. నవ్వాడు. పాదం దిగింది.

"సార్! సార్! తీసెయ్యండి సార్!" డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టేలోపే బండి గుట్ట మీంచి దూకినంత పని చేసి గోతిలో దభీమని పడింది. ఆవిడ కుడికాలు ముందు సీటు కిందికి పొడుచుకుపోయింది. ఎప్పుడూ ముందు కూర్చునే మనిషి, వెనక ఏం జరుగుతుందో ఎన్నడూ చూడలేదు. ఆ రోజు చూసింది. పక్కన ఇంకో కాలు కూడా బిర్రబిగుసుకుని ఉంది. చిన్న కాలు. తెల్ల బూటు. ముందు సీట్ల మధ్య ఉన్న దిమ్మను, ఎప్పటి అలవాటో, మడమతో గట్టిగా తొక్కిపట్టి ఉంది. పిచిక నవ్వడం లేదు, ఏడవడం లేదు. రెండు కళ్ళూ నాన్న మెడ మీద పెట్టి చూస్తోంది. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పొద్దస్తమానం ఊరివాళ్ళ చేతులు పట్టుకుని "గుప్పిట బిగించండి, ఆఁ, ఇప్పుడు వదిలెయ్యండి" అనడమే పని. అలవాటుగా వేళ్ళు పిల్ల మణికట్టు మీదికి వెళ్ళాయి. నాడి చేతికి చిక్కిన పిట్ట గుండెలా కొట్టుకుంటోంది. గుప్పిట బిగిసి ఉంది.

అయితే ఆ రోజు లోయ అంచున ఇది నిద్రపోలేదన్నమాట.

"వెనక అంతా బతికే ఉన్నారా?" అని నవ్వుతున్నాడు భర్త. డ్రైవరు నవ్వలేదు. మొహం తుడుచుకుని తాళం చేతిలోకి తీసుకున్నాడు.

మళ్ళీ షోరూంలో, బండ్లమ్మే కుర్రవాడు కాఫీలిచ్చి, "మేడమ్, మీ ఓటు దేనికి? వెనక సీట్లో ఏది హాయిగా ఉంది?" అన్నాడు.

"తెల్లది," అంది.

"చూశారా సార్! స్ప్రింగుల మహిమ!"

"స్ప్రింగులు కాదు," అంది. గొంతు తనకే వినపడలేదు. ఎవరూ పట్టించుకోలేదు కూడా. భర్త నల్లదానికి బయానా ఇచ్చేశాడు. అది చేతికొచ్చేదాకా పాత కారే.

బయట పాత కారు దగ్గర ఆయన తలుపు తీసి తల్లిని ఎక్కించాడు, తలుపు వేశాడు. "పద," అన్నాడు పెళ్ళాం వైపు చూడకుండా. ఇంటికెళ్ళే రోడ్డు ఎంత పొడుగో, ఆ "మెల్లగా అండీ"కి ఇంకా ఎంత బాకీ ఉందో ఆవిడకి తెలుసు. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మేం బస్సులో వస్తాం."

"ఏంటీ?"

"నేనూ పిచికా. బస్సులో."

ఆయన కారెక్కి ఇంజను వేశాడు. నలుగురూ చూస్తున్నారు. ఉన్నచోటనే కాలు నొక్కాడు. కారు ఉలిక్కిపడేలా గర్జించింది. మళ్ళీ నొక్కాడు. ఆవిడ కుడికాలు సిమెంటు నేలని నొక్కింది. ఈసారి అది నిజంగానే నేల. ఎటూ పోలేదు.

వెనక కిటికీ అద్దం కిందికి దిగింది. అత్తగారు కళ్ళు మూసుకునే అడిగింది, "ఇవాళ్టికేనా?"

"కాదత్తయ్యా. కొండకీ రాం. ఆయన నడిపే ఏ బండీ మేమిద్దరం ఇక ఎక్కం."

ఇంజను ఇంకోసారి గర్జించింది. రాత్రికి ఇంట్లో ఏమవుతుందో, ఆ కోపం కాలు దాటి ఎక్కడికి వస్తుందో ఆవిడకి తెలియదు. పిల్ల చెయ్యి పట్టుకుని బస్‌స్టాపు వైపు తిరగబోతోంది.

"అమ్మాయ్." అత్తగారు కళ్ళు తెరిచింది. పట్టపగలు, ఆ కారులో. "ఈ తలుపు లోపల్నుంచి రాదు. కాస్త అటునుంచి తియ్యి."

ఎక్కగానే నిద్రపోయే మనిషికి ఆ తలుపు సంగతి ఎలా తెలిసినట్టు?